కుండా, పొడా, డబ్బానా: చైనా మూలికా మందుల్లో ఏది ఎవరికి

సింగపూర్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఎప్పుడో ఒకప్పుడు బ్లాకు కింద ఉండే చైనీస్ మెడికల్ హాల్ గుమ్మం ఎక్కుతారు. దగ్గు మూడు వారాలైనా వదలదు, లేదా నడుం పట్టేసి ఉంటుంది, లేదా ఆఫీసులో పక్క సీటు ఆవిడ 'మా ఇంట్లో అందరం ఇదే తాగుతాం' అని ఒక డబ్బా ఫొటో పంపి ఉంటుంది. లోపల గోడ పొడవునా చిన్న చిన్న చెక్క సొరుగులు, గాజు జాడీల్లో ఎండిన వేళ్లు, అరల్లో ఎరుపూ పచ్చా డబ్బాలు. కౌంటరు దగ్గర నిలబడ్డాక ఏది అడగాలో తెలియదు.

మనకు ఈ వైద్యం మరీ పరాయిగా అనిపించదు. వేడి చేసింది, చలవ చేయాలి అన్న మాటలు ఇక్కడి అమ్మమ్మలూ అంటారు. మందులో అతిమధురం, శొంఠి, దాల్చిన కొమ్మ కనిపిస్తాయి. ఆ పరిచయం వల్లే 'మూలికలే కదా, ఏం చేస్తాయిలే' అన్న ధీమా కూడా వచ్చేస్తుంది. అది వద్దు. నేను పెట్టుకున్న నియమం ఒకటుంది: మందు ఏ రూపంలో ఉన్నా సరే, అందులో ఏముందో పేరుపేరునా చెప్పే రిజిస్టర్డ్ వైద్యుడో, చట్టం అడిగిన వివరాలన్నీ ఉన్న లేబులో, రెండిట్లో ఒకటైనా ఉండాలి. రుచి, ధర, ఓపిక లాంటివన్నీ దాని తర్వాతే.

ముందుగా కుండ. అంటే విడి మూలికలు తెచ్చి ఇంట్లో కాచుకునే కషాయం. పాత పద్ధతి ఇదే. వైద్యుడు నాడి పట్టి, నాలుక చూసి, చీటీ రాస్తాడు. కౌంటరు మనిషి రోజుకొక కాగితం చొప్పున పరిచి, చేతి త్రాసుతో ఒక్కో మూలిక తూచి పంచుతాడు. ఒక్కో మందులో సాధారణంగా పది పన్నెండు రకాలుంటాయి, ఒక్కోటి 6 నుంచి 15 గ్రాములు. కాబట్టి ఒక రోజు పొట్లం మన పిడికిలికి అందదు. దాన్ని అరగంట నానబెట్టి, మూలికల మీద రెండు వేళ్ల ఎత్తు నీళ్లు ఉండేలా చూసి, మట్టి కుండలోనో గాజు పాత్రలోనో కాయాలి. ఇనుము, అల్యూమినియం పనికిరావు. ఒకసారి వడగట్టాక అదే పిప్పిని మళ్లీ నీళ్లు పోసి కాచి, రెండు కషాయాలూ కలిపి పొద్దునా సాయంత్రం తాగుతారు. పుదీనా జాతి ఆకులైతే ఆఖరి ఐదు నిమిషాల్లో వేయాలి. గవ్వలూ ఖనిజాలూ అయితే మిగతావాటికంటే ముందుగా మరగాలి. సన్నటి గింజల్ని గుడ్డలో మూటగట్టాలి. ఇవన్నీ చీటీ మీదే ఉంటాయి, కానీ చైనీస్‌లో. కౌంటరు దగ్గరే అడిగి తెలుగులో రాసుకోండి. ఇల్లంతా వాసన కమ్ముకుంటుంది, అది ముందే చెప్పాలి. తాగాక నోటి చేదు పోవడానికి కొన్ని షాపుల్లో ఎండబెట్టిన రేగు మిఠాయి కూడా పొట్లంతో ఇస్తారు.

ఇంత శ్రమ ఎందుకంటే, వైద్యుడు మీ ఒంటిని బట్టి ప్రతి మూలికా మార్చడానికి ఎక్కువ వీలున్నది ఈ రూపంలో. పత్యం కూడా దీంతో బాగా కుదురుతుంది. సుమారు 1800 ఏళ్ల కిందట హాన్ రాజవంశ కాలంలో ఝాంగ్ ఝోంగ్‌జింగ్ రాసిన గుయ్‌ఝీ తాంగ్ అనే మందు ఇప్పటికీ వాడుకలో ఉంది. దాల్చిన కొమ్మ, పియోనీ వేరు, అల్లం, అతిమధురం, చైనా రేగు పండు, అంతే. చలి జ్వరానికి ఇస్తారు. మందు తాగిన కాసేపటికి వేడి వేడి పలచటి గంజి తాగి, దుప్పటి కప్పుకుని, ఒళ్లు సన్నగా చెమర్చేదాకా పడుకోవాలని ఆయనే చెప్పాడు. ధారగా చెమట కారకూడదు. ఒక్క మోతాదుకే నయమైతే మిగతాది ఆపేయాలి. చల్లటివి, మాంసం, ఘాటువి, సారా ముట్టకూడదు. మన పల్లెల్లో పత్యం పెట్టే పెద్దవాళ్లు వింటే తలూపుతారు. ఒక్క మోతాదుకే ఆపేయమన్న ఆ మాటే నాకు బాగా నచ్చింది. ఈనాటి డబ్బాల మీద ఆ మాట కనపడదు.

కుండ ఎవరికి వద్దు? కాచడం మీద శ్రద్ధ పెట్టలేని వాళ్లకి. ఇదేదో రుచి గొడవ కాదు. ఫూజీ, చువాన్‌వూ అనే వేళ్లు మన వత్సనాభి జాతివే. వాటిలోని అకొనిటైన్ అనే విషం గుండె లయను చెడగొట్టి ప్రాణం తీయగలదు. శుద్ధి చేసి, చాలాసేపు మరిగిస్తేనే దాని బలం తగ్గుతుంది. సమయం తగ్గినా, గిన్నెలో మూలికలు ఎక్కువై నీళ్లు తక్కువైనా విషమే. శుద్ధి చేయని నాభి వేళ్లను హాంకాంగ్ తన 31 విష మూలికల జాబితాలో పెట్టింది, చీటీ లేకుండా అమ్మడానికి వీల్లేదు. మీ చీటీలో ఈ పేర్లుంటే ఎంతసేపు మరగాలో నిమిషాల్లో అడగండి. వైద్యుడు స్పష్టంగా చెప్పలేకపోతే ఆ పొట్లం అక్కడే వదిలేసి రండి. పనిమనిషి చేత కాయించే ఇళ్లలో ఈ రెండు వేళ్లూ అసలొద్దంటాను.

షాపువాళ్లే కాచి, పారదర్శకమైన సంచుల్లో సీలు చేసి ఇచ్చే కషాయం కూడా దొరుకుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి, వేడినీళ్లలో ముంచి తాగడమే. సులువే గానీ, అందరి మూలికలకూ ఒకే మరుగు, ఒకే సమయం పడే అవకాశం ఉంది. వారం మందు కావాలంటే సరే, నెల మందు మాత్రం నేను తీసుకోను.

ఇక పొడి. గ్రాన్యూల్స్ అంటారు. ఫ్యాక్టరీలో కషాయం కాచి, ఆరబెట్టి, పిండితో కలిపి గుళికల్లా చేస్తారు. ఐదు గ్రాముల మూలికకు ఒక గ్రాము పొడి అన్నది మామూలు లెక్క. వేడినీళ్లలో కలుపుకుని తాగేయవచ్చు. ఫిల్టర్ కాఫీకీ ఇన్‌స్టంట్ కాఫీకీ ఉన్న తేడాయే అనుకోండి, వాసన కొంత పోతుంది, పని అవుతుంది. తైవాన్‌లో ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద చైనా వైద్యం చేయించుకునేవాళ్లు ఎక్కువగా వాడేది ఈ పొడులే. చైనా నుంచి జపాన్‌కి వెళ్లిన మూలికా వైద్యాన్ని అక్కడ కాంపో అంటారు. అక్కడ మామూలు ఎం.డి. డాక్టర్లే రాస్తారు, 148 మందులకు బీమా ఉంది. జపాన్ పొడుల్లో చాలావాటికి లాక్టోజ్ కలుపుతారు. పాలు పడనివాళ్లు ఒకమాట అడగాలి.

నా ఓటు పొడికే. ఉద్యోగం చేసేవాళ్లకి, రిజిస్టర్డ్ వైద్యుడు రాసిస్తే, నెలసరి నొప్పి, దీర్ఘకాలపు మలబద్ధకం, జలుబు తర్వాత సాగే దగ్గు లాంటి వాటికి ఇది సరిపోతుంది. మూలికను గుర్తుపట్టే పని, కలుషితాలు చూసే పని షాపు మనిషి కంటిమీద కాకుండా ఫ్యాక్టరీ లాబు మీద పడుతుంది. అలాగని పొడి అయితే ఏ ప్రమాదమూ లేదనుకోకండి. షియావ్ చైహు తాంగ్ అనే చైనా మందునే జపాన్‌లో షోసైకోటో పేరుతో పొడిగా కాలేయ వ్యాధి ఉన్నవాళ్లకు విరివిగా ఇచ్చారు. కాలేయ వ్యాధికే ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ అనే ఇంజెక్షన్‌తో కలిసి అది కొందరికి ఊపిరితిత్తుల వాపు తెచ్చిందని, మరణాలు కూడా జరిగాయని 1990ల్లో బయటపడింది. పేరున్న కంపెనీ, శుభ్రమైన పొడి, డాక్టరు చీటీ అన్నీ ఉన్నా జరిగింది. ఇంకే మందులు వాడుతున్నారో వైద్యుడికి చెప్పి తీరాలనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అందరూ ఎక్కువగా కొనేది మాత్రం డబ్బాలు. తయారు మాత్రలు, సిరప్‌లు, నల్ల గుండ్రటి గుళికలు. సింగపూర్‌లో వీటిని చైనీస్ ప్రొప్రైటరీ మెడిసిన్స్ అంటారు. ఆరోగ్య శాస్త్రాల సంస్థ అయిన హెచ్‌.ఎస్‌.ఎ. లిస్టులో ఉంటేనే అమ్మాలి. లేబుల్ మీద పదార్థాల పేర్లు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తెచ్చినవాళ్ల వివరం ఇంగ్లిష్‌లో ఉండాలి. కంపెనీ ఇచ్చిన సమాచారం మీద అమ్మకానికి అనుమతించామని, వాడటం కొనేవాళ్ల విచక్షణ అని కూడా లేబుల్ మీద కనిపిస్తుంది. ఆ మాటను ఉన్నది ఉన్నట్టు చదువుకోండి. అనుమతి ఉందంటే విషాలూ అల్లోపతి మందులూ కలవలేదని చూశారని అర్థం. రోగం తగ్గుతుందని హామీ ఇచ్చినట్టు కాదు.

చైనా నుంచి ఎవరో తెచ్చి ఇచ్చిన డబ్బాలకు ఆ కాస్త భరోసా కూడా ఉండదు. అక్కడ మూలికలకు అల్లోపతి మందు కలిపి అమ్మడం కొన్నింటికి చట్టబద్ధమే. జలుబుకు వాడే గాన్‌మావ్‌లింగ్‌లో పారాసెటమాల్, అలర్జీకి వాడే క్లోర్‌ఫెనిరమైన్ ఉంటాయి. దాని మీద ఇంకో డోలో వేసుకుంటే పారాసెటమాల్ రెండింతలైపోతుంది. షుగర్‌కు అమ్మే షియావ్‌కే మాత్ర ఇంకా ముఖ్యం. 'మూలికలతో షుగర్ తగ్గింది' అని చెప్పేవాళ్ల చేతిలో అది ఉంటే ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఒక్కో గుళికలో 0.25 మిల్లీగ్రాముల గ్లిబెన్‌క్లమైడ్ ఉంటుంది. పది గుళికలంటే 2.5 మిల్లీగ్రాములు. మన దగ్గర డావోనిల్ పేరుతో దశాబ్దాలుగా రాసే మందే అది. ఇంట్లో నాన్నగారు అప్పటికే షుగర్ మాత్రలు వేసుకుంటూ దీన్నీ మొదలుపెడితే తెల్లవారుజామున షుగర్ పడిపోయి స్పృహ తప్పవచ్చు.

లేబులే లేని సీసాల గురించి రెండో ఆలోచన వద్దు. కీళ్ల నొప్పికి రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేసే మాత్రలో స్టెరాయిడ్, బరువు తగ్గించే క్యాప్సూల్‌లో సిబుట్రమైన్ అనే నిషేధిత మందు పట్టుబడటం హెచ్‌.ఎస్‌.ఎ. హెచ్చరికల్లో మామూలు విషయం. రెండు రోజుల్లో మోకాళ్ల నొప్పి మాయమైతే సంతోషించకుండా అనుమానించాల్సిన సందర్భం ఇదొక్కటే.

బరువు తగ్గే మందులంటే 1990ల మొదట్లో బెల్జియంలో జరిగింది చెప్పుకోవాలి. ఒక స్లిమ్మింగ్ క్లినిక్‌లో ఫాంగ్‌జీ అనే వేరుకు బదులు, పేరు దగ్గరగా ఉన్న గ్వాంగ్ ఫాంగ్‌జీ అనే ఇంకో వేరు పడింది. అది మూత్రపిండాలకు విషమైన అరిస్టొలోకియా జాతి. నూరు మందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, తర్వాత కొందరికి మూత్రమార్గంలో క్యాన్సర్లు వచ్చాయి. మన ఈశ్వరి వేరు, గాడిదగడపాకు కూడా ఆ జాతివే. కాబట్టి ఇది చైనా మందుల మీద మాత్రమే పెట్టే నింద కాదు, మన నాటుమందులకూ వర్తిస్తుంది.

ఇంతకీ డబ్బా ఎప్పుడు తీసుకోవచ్చు? పిల్లలకు కాదు, ఇంకే మందులూ వాడని పెద్దలకు, గొంతు గరగర, తేలికపాటి జలుబు, తిన్నది అరగకపోవడం లాంటి చిన్న బాధలకు, మూడు నాలుగు రోజులు. అక్కడితో ఆపాలి. దగ్గుకు నల్లటి పైపా కో సిరప్ తెలియని సింగపూర్ తెలుగు ఇల్లు ఉండదు. తేనె, పంచదార పాకంలో చేసిందని షుగర్ ఉన్నవాళ్లకు గుర్తుంటే చాలు. తెల్ల జుట్టు నల్లబడాలని హెషోవూ అనే వేరు క్యాప్సూల్స్ నెలల తరబడి మింగడం మాత్రం వద్దే వద్దు. కాలేయం దెబ్బతిన్న కేసులు చాలా నమోదయ్యాయి.

వైద్యుణ్ని ఎంచుకోవడం మందును ఎంచుకోవడం కంటే సులువే. సింగపూర్‌లో 2000 నాటి చట్టం ప్రకారం చైనా వైద్యులు బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. పేరు ఆన్‌లైన్‌లో వెతికి చూసుకోవచ్చు. 1867లో మొదలై జాతి మతం చూడకుండా పేదలకు ఉచితంగా వైద్యం చేస్తూ వచ్చిన థోంగ్ చై లాంటి సంస్థలూ ఉన్నాయి. భాష రాదని జంకక్కర్లేదు, ఇంగ్లిష్ వచ్చే వైద్యులు చాలామంది ఉన్నారు. ఆస్ట్రేలియాలో 2012 నుంచి దేశమంతటా రిజిస్ట్రేషన్ ఉంది, డబ్బా మీద ఆస్ట్ ఎల్ నంబరు చూడండి. మలేషియాలో ఎం.ఎ.ఎల్. తో మొదలై టి తో ముగిసే నంబరు, హాంకాంగ్‌లో హెచ్‌.కె.సి. నంబరు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ డబ్బాలు ఆహార సప్లిమెంట్ల కింద ముందస్తు అనుమతి లేకుండానే వస్తాయి. మాహువాంగ్ అనే ఎఫెడ్రా గుండెపోట్లు, పక్షవాతాలు తెస్తోందని తేలి, సప్లిమెంట్లలో దాన్ని నిషేధించడానికి 2004 దాకా పట్టింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లు డబ్బాకంటే లైసెన్స్ ఉన్న మనిషినే నమ్ముకోవడం మేలు.

మంచి వైద్యుడు మీరు వేసుకునే మాత్రల పేర్లు అడుగుతాడు, ఎప్పుడు ఆపాలో చెప్తాడు, మూలికల జాబితా కాగితం మీద ఇస్తాడు. బీపీ మాత్రలు మానేయండి అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయాలి.

శాకాహారులకు ఇంకో సంగతి. మూలికా వైద్యం అన్న మాత్రాన అంతా చెట్టూ చేమా కాదు. ఎజియావో అంటే గాడిద చర్మం కాచిన జిగురు. రక్తహీనతకు, కాన్పు తర్వాత స్త్రీలకు ఇస్తారు. దీలాంగ్ వానపాము, చాన్‌త్వే సికాడా అనే పురుగు వదిలిన పొట్టు, లూరోంగ్ జింక లేత కొమ్ము. చైనా మందుల్లో పెద్ద ఆధునిక పరీక్షకు నిలిచిన వాటిలో తోంగ్‌షిన్‌లువో ఒకటి. గుండెపోటు వచ్చిన 3,777 మంది మీద జరిగిన పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. మామూలు చికిత్సకు ఇది జోడించిన వాళ్లలో నెల లోపల పెద్ద ఉపద్రవాలు 3.4 శాతం, జోడించనివాళ్లలో 5.2 శాతం. అందులో జలగ, తేలు, జెర్రి ఉంటాయి! ఆ మందు ఆసుపత్రి చికిత్సకు తోడుగా ఇచ్చారే తప్ప బదులుగా ఇవ్వలేదు. 'శాకాహారిని, జంతు పదార్థం ఏదీ వద్దు' అని మొదటి మాటగా చెప్తే వైద్యుడు వేరే మూలిక వేస్తాడు. వాళ్లకు ఈ మాట కొత్తేమీ కాదు, అక్కడి బౌద్ధులూ అడుగుతారు.

ఆధునిక పరీక్ష మాట వచ్చింది కాబట్టి చైనా శాస్త్రవేత్త తు యూయూ సంగతి. మలేరియాకు ఆర్టెమిసినిన్ అనే మందు కనిపెట్టినందుకు ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. పాత గ్రంథంలో చింగ్‌హావ్ అనే మూలిక ఆకును కాచకుండా నీళ్లలో నానబెట్టి పిండమని ఉండటం చూసి, వేడి వల్ల మందు పాడవుతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో ఈథర్‌తో తీస్తే పనిచేసింది. దీన్ని చూపించి 'చూశారా, కషాయాలు పనిచేస్తాయి' అంటుంటారు. ఆ ఆకు టీ తాగి మలేరియా తగ్గించుకోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సమర్థించదు. ఆసుపత్రిలో వాడేది శుద్ధి చేసిన మందు.

చైనా మందుకూ అల్లోపతి మందుకూ మధ్య రెండు గంటల ఎడం ఉంటే చాలని కౌంటర్ల దగ్గర చెప్తుంటారు. కడుపులో ఒకదాన్నొకటి పట్టుకోకుండా అది కొంత పనికొస్తుంది. రక్తంలో జరిగేదానికి పనికిరాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు దాంగ్‌గుయ్, దాన్‌షెన్ అనే వేళ్లు తీసుకుంటే పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేసుకున్నా రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అతిమధురం దాదాపు సగం మందుల్లో ఉంటుంది. వారాల తరబడి ఎక్కువగా పడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది, నీరు పోవడానికి మాత్రలు వేసుకునేవాళ్లకు మరీనూ. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, కీమోలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు కుండా పొడా డబ్బానా అన్న ప్రశ్న దగ్గరికే రావద్దు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపి, సర్జన్‌కి చెప్పాలి.

పసిపిల్లల విషయంలో హువాంగ్‌లియన్ అనే చేదు పసుపు వేరు గుర్తుంచుకోండి. జి6పిడి అనే ఎంజైమ్ లోపమున్న శిశువులకు కామెర్లు ముదిరాయని అందులోని బెర్బెరిన్‌ను సింగపూర్ 1978లో నిషేధించింది. తర్వాత నిషేధం ఎత్తేశారు గానీ, ఆ లోపమున్న పిల్లలకు జాగ్రత్త అలాగే ఉంది. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ పరీక్ష చేస్తారు, ఫలితం ఆరోగ్య పుస్తకంలో ఉంటుంది. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో పుట్టిన పిల్లలకు అడిగి చేయించాలి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు పంపే పార్శిల్‌లో ఈ డబ్బాలు పెట్టకండి. ఆయుష్ పద్ధతుల్లో చైనా మూలికా వైద్యం లేదు. అక్కడి డాక్టరుకు ఆ పేర్లు తెలియవు, లేబుల్ చదివి చెప్పేవాళ్లు దొరకరు. మీరే వాడుతుంటే చీటీని, డబ్బా వెనక వైపును ఫోనులో ఫొటో తీసి ఉంచండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కాళ్లు ఉబ్బినా, గుండె దడదడలాడినా, మూతి తిమ్మిరెక్కినా ఆ మోతాదుతోనే ఆపి, మిగిలిన పొట్లం చేతిలో పట్టుకునే ఎమర్జెన్సీకి వెళ్లండి.